పలాసలో కంప్యూటర్ సర్వీసు షాపు: వ్యాపారుల గిరాకీ ఎలా పట్టాలి?

పలాస-కాశీబుగ్గలో కంప్యూటర్ సర్వీసు షాపు పెట్టానండీ. వచ్చేదంతా కాలేజీ పిల్లలే. విండోస్ వేయించుకుని వెళ్తే మళ్లీ కనబడరు. నాకు కావాల్సింది జీడిపప్పు వ్యాపారులు. వాళ్ల బిల్లింగూ జీఎస్టీ లెక్కలూ కంప్యూటర్లోనే, బ్యాకప్ మాత్రం ఉండదు. చాలామందికి ఇంకా విండోస్ 10 ఉంది. మైక్రోసాఫ్ట్ దానికి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14న ఆపేసింది, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేని పాత మెషీన్లు విండోస్ 11కి పద్ధతిగా మారవు కూడా. ఈ మాట చెబితే "పాడైనప్పుడు పిలుస్తాంలే బాబూ" అంటారు. ఏడాది కాంట్రాక్టంటే అసలు వినరు.

వాళ్ల లెక్కలు చూసే అకౌంటెంట్ల ద్వారా వెళ్తే నయమా? మీరైతే వాళ్లకు కమీషన్ ఎంత ఇస్తారు? మొదటి బ్యాకప్ ఉచితంగా చేసిపెడదామనుంది, కానీ ఊరికే వస్తే విలువుండదేమో. కరపత్రాలు పంచాను, దండగ. టెక్కలి, శ్రీకాకుళంలో ఇదే పనిలో ఉన్నవాళ్లు మొదటి వ్యాపారిని ఎలా ఒప్పించారో కాస్త చెప్పండి.