జర్మనీ వెళ్లేలోపు ఇక్కడే కారు లైసెన్స్ తీసుకోవాలా, అక్కడికెళ్లి నేర్చుకోవాలా?

ఉప్పల్_స్కూటీ:

అందరికీ నమస్తే. మా ఆయన మ్యూనిక్‌లో ఉద్యోగంలో చేరి కొన్నాళ్లయింది. నా వీసా పని నడుస్తోంది, అన్నీ కుదిరితే ఇంకో రెండు మూడు నెలల్లో నేనూ వెళ్లిపోతాను. నా దగ్గర టూవీలర్ లైసెన్స్ మాత్రమే ఉంది, కాలేజీ రోజుల నుంచి స్కూటీ మీదే తిరిగాను, కారు స్టీరింగ్ పట్టుకుందే లేదు. ఇప్పుడు ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. మా ఆయన "ఇక్కడికొచ్చి పద్ధతిగా నేర్చుకో, హైదరాబాద్ డ్రైవింగ్ ఒకసారి ఒంటబడితే వదిలించడం నా వల్ల కాదు" అంటున్నారు. నాన్నేమో "ఏజెంటుకి నాలుగు డబ్బులు ఎక్కువిస్తే పని అయిపోతుంది, ఆ కార్డు పట్టుకెళ్లి అక్కడ మార్పించుకుంటే సరి" అంటున్నారు.

నాకు తెలియాల్సినవి ఇవి. మన లైసెన్స్ ఇస్తే పరీక్షలేమీ లేకుండా వాళ్ల కార్డు ఇచ్చేస్తారా? ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకెళ్తే ఏడాది నడపొచ్చని ఒకరు, కాదు ఆరు నెలలే అని ఇంకొకరు చెప్తున్నారు, ఏది నిజం? ఇంకోటి, నేను ఇప్పుడు ఏ1 జర్మన్ (మొదటి మెట్టు) చదువుతున్నా, డ్రైవింగ్ పరీక్షకి ఆ మాత్రం భాష సరిపోతుందా? ఎవరైనా ఈ పని చేసినవాళ్లుంటే చెప్పండి ప్లీజ్, అందరి సలహాలూ విని తల తిరిగిపోతోంది.

కొండాపూర్_రిటర్న్:

మీ ఇంట్లో ఇద్దరిదీ సగం సగం నిజమే. నేను స్టుట్‌గార్ట్‌లో ఉండగా మన లైసెన్స్ మార్పించుకున్నాను, ఇప్పుడు తిరిగొచ్చి ఇక్కడే ఉంటున్నా.

ముందు ఆరు నెలలా ఏడాదా అన్న పంచాయితీ తేల్చేద్దాం. పర్మిట్ మీద ఏడాది అని ఉంటుంది, కానీ అది ఆ బుక్‌లెట్ గడువు. మీరు చూసి రావడానికి వెళ్లట్లేదు, కాపురానికి వెళ్తున్నారు. జర్మనీలో నివాసం మొదలైన రోజు నుంచి మన లైసెన్స్ చెల్లేది 6 నెలలే, చేతిలో పర్మిట్ ఉన్నా అంతే. మొత్తం ఉండేదే ఏడాదిలోపు అని చూపించగలిగినవాళ్లకు దాన్ని పొడిగిస్తారు, మీ సంగతి అది కాదు. మధ్యలో దసరాకి ఇంటికొచ్చి వెళ్లినా లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవదు. ఆ గడువు దాటాక నడిపి దొరికితే మన దగ్గరలాగా చలానా కట్టేసి వచ్చేది కాదు, లైసెన్స్ లేకుండా నడిపినట్టే లెక్క, క్రిమినల్ కేసు. ఏదైనా గుద్దితే ఇన్సూరెన్స్ వాళ్లతో ఇంకో తలనొప్పి.

ఇక మార్పిడి. జపాన్, దక్షిణ కొరియా లాంటి కొన్ని దేశాల వాళ్లకి పరీక్ష లేకుండా మార్చి ఇస్తారు. ఆ జాబితాలో ఇండియా లేదు. కాబట్టి థియరీ, ప్రాక్టికల్ రెండూ పాసవ్వాల్సిందే, మీ నాన్నగారు అనుకున్నట్టు కార్డు ఇచ్చి కార్డు తెచ్చుకోవడం కుదరదు.

మరి ఇక్కడ తీసుకుని లాభమేంటి అంటారా? ఉంది, బాగానే ఉంది. అసలు ఏ లైసెన్సూ లేకుండా అక్కడ మొదలుపెడితే 90 నిమిషాల థియరీ క్లాసులు 14 కూర్చోవాలి, వాటికి తోడు 12 ప్రత్యేక డ్రైవింగ్ క్లాసులు తప్పనిసరి: ఊరి బయటి రోడ్ల మీద 5, ఆటోబాన్ (అక్కడి హైవే) మీద 4, చీకట్లో 3. మామూలు క్లాసులు ఇవి కాక, అవి ఎన్ని పడతాయో మీరు ఎంత త్వరగా పట్టుకుంటారో దాన్ని బట్టి. చాలామందికి అంతా కలిపి 3000 యూరోల పైమాటే అవుతుంది. అదే చెల్లుబాటయ్యే కారు లైసెన్స్ పట్టుకెళ్తే ఈ తప్పనిసరి లెక్కలేవీ మీకు వర్తించవు, నేరుగా పరీక్షలకి వెళ్లొచ్చు. టూవీలర్ లైసెన్స్ మాత్రమే ఉంటే కారు విషయంలో అక్కడ మీరు సున్నా నుంచే.

కానీ ఏజెంటు కార్డుతో వెళ్తే ఏమవుతుందో కూడా వినండి. పరీక్షకి మీ ఆయన కారు పనికిరాదు, ఫార్‌షూలే, అంటే అక్కడి డ్రైవింగ్ స్కూల్ కారులోనే ఇవ్వాలి, పక్క సీట్లో ఆ స్కూల్ ఇన్‌స్ట్రక్టరే ఉంటాడు, ఎగ్జామినర్ వెనక కూర్చుంటాడు. మీకు క్లచ్ ఎక్కడుందో తెలియదని ఇన్‌స్ట్రక్టర్ మొదటి క్లాసులోనే కనిపెట్టేస్తాడు, రెడీ అయ్యారని ఆయనకి అనిపించేదాకా పరీక్షకి పంపడు. క్లాసుకింతని కడుతూనే ఉంటారు. ఏజెంటుకి ఇచ్చింది పోను, మిగిలిందనుకున్న డబ్బూ అక్కడ కక్కాల్సిందే.

కాగితాల సంగతి: లైసెన్స్‌కి జర్మన్ అనువాదం (ప్రమాణీకృత అనువాదకులు చేస్తారు, ఏడీఏసీ అనే ఆటోమొబైల్ క్లబ్బూ చేసి పెడుతుంది), కళ్లద్దాల షాపులో కంటి పరీక్ష, ఒకరోజు ఫస్ట్ ఎయిడ్ కోర్సు, ఫొటో. వెళ్లగానే మొదలుపెట్టండి, ఆఫీసువాళ్లు ఫైలు కదపడానికి వాళ్ల టైమ్ వాళ్లు తీసుకుంటారు, మీ ఆరు నెలలు మాత్రం ఆగవు.

నాగోల్_ట్రాక్:

అక్కా, నేను నాగోల్ దగ్గర డ్రైవింగ్ నేర్పిస్తుంటా, ఇక్కడి సంగతి నేను చెప్తా. రెండు నెలలుంటే టైమ్ సరిపోతుంది, కానీ ఈ వారమే మొదలుపెట్టాలి. ఉన్న లైసెన్స్‌లోకే కారు కలిపించుకోవాలి, దానికి ముందు ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్స్) తీసుకోవాలి. ఎల్ఎల్ఆర్ వచ్చాక 30 రోజులు ఆగితేగానీ టెస్ట్‌కి పిలవరు, ఎంత పైరవీ ఉన్నా ఆ నెల తగ్గదు. ఎల్ఎల్ఆర్ 6 నెలలు ఉంటుంది కాబట్టి మనసులో తొందర పడకుండా ఆ నెలంతా రోజూ బండి తీయండి. ట్రాక్ మీద హెచ్, ఎస్, ఎనిమిది, ఎత్తు ఎక్కించడం ఉంటాయి, హెచ్‌లో రివర్స్ తీసేటప్పుడే ఎక్కువమంది కర్రలకి తగిలిస్తారు. మనవాళ్లు తల బయటపెట్టి వెనక్కి చూస్తూ తీస్తారు, అద్దాలు చూసి తీయడం ఇప్పుడే నేర్చుకోండి, అక్కడికెళ్లాక పనికొస్తది.

ఇంకోటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మీ లైసెన్స్ మీద పేరు, పాస్‌పోర్ట్ మీద పేరు పక్కపక్కన పెట్టి చూడండి. కాలేజీలో తీసిన లైసెన్స్ అంటున్నారు కాబట్టి దాని మీద ఇంటిపేరు ఒక అక్షరంగా ఉండొచ్చు, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంటుంది, ఒకవేళ పెళ్లయ్యాక పాస్‌పోర్ట్ మార్పించుకుని ఉంటే ఇంటిపేరే వేరు. పుట్టినతేదీ కూడా చూడండి. తేడా ఉంటే టెస్ట్‌కి ముందే సరిచేయించుకోండి, ఫారిన్ ఆఫీసులో కూర్చుని "ఆ కె అంటే ఇదేనండి" అని చెప్పుకుంటే వినరు.

ఇంటర్నేషనల్ పర్మిట్ అయితే లైసెన్స్‌లో కారు ఎక్కాక పెట్టండి. ఫీజు 1000, పైన సర్వీస్ చార్జీలు. పాస్‌పోర్ట్, లైసెన్స్ పట్టుకుని మీ అడ్రస్ ఏ ఆర్టీఏ కిందికి వస్తే అక్కడికే స్లాట్ బుక్ చేసుకుని వెళ్లాలి, దీనికి ఏజెంట్ అక్కర్లేదు.

మెట్రో_పాస్:

అందరూ లైసెన్స్ ఎలా అని చెప్తున్నారు, అసలు మ్యూనిక్‌లో కారు ఎందుకో ఎవరూ అడగట్లేదు. నెలకి ఒకే టికెట్‌తో దేశం మొత్తం లోకల్ రైళ్లు, బస్సులు, మెట్రోలు, ట్రామ్‌లు తిరగొచ్చు, 2023 మేలో 49 యూరోలతో మొదలైంది, తర్వాత పెంచారు, అయినా పార్కింగ్‌తో, ఇన్సూరెన్స్‌తో పోలిస్తే చవకే. మా చెల్లి అక్కడ ఉన్నన్నాళ్లూ ఒక్కసారి కూడా కారు కొనాలనుకోలేదు. వెళ్లాక చూసుకోండి, ఇప్పటినుంచే టెన్షన్ ఎందుకు.

కొండాపూర్_రిటర్న్:

ఊళ్లో ఉన్నంతవరకు మీ మాట కరెక్టే బాసూ. పిల్లలు పుట్టాకో, ఉద్యోగం ఊరి బయట దొరికితేనో తెలుస్తుంది, ఆదివారం గంటకో బస్సు వచ్చే పల్లెల్లో మన ఇండియన్లు చాలామందే ఉంటారు. అసలు పాయింట్ ఇంకోటి. "వెళ్లాక చూసుకోవడం" ఇక్కడ కుదరదు, ఎందుకంటే కారు లైసెన్స్ అక్కడ నివాసం మొదలవకముందే తీసుకుని ఉండాలి.

ఉప్పల్_స్కూటీ:

అయ్యో, నేను అడగబోయింది అదే. వీసా ముందే వచ్చేసి ఈ 30 రోజుల లెక్క పూర్తికాకపోతే, సంక్రాంతికి వచ్చినప్పుడు ఇక్కడ టెస్ట్ ఇచ్చి కార్డు తీసుకెళ్తే చెల్లదా? ఎల్ఎల్ఆర్ చూపిస్తే ఏమైనా పనవుతుందా?

మ్యూనిక్_మల్లన్న:

చెల్లదమ్మా, రెండూ చెల్లవు. జర్మనీలో నివాసం ఉంటూ సెలవులకి వచ్చి ఇండియాలో తెచ్చుకున్న లైసెన్స్‌ని వాళ్లు గుర్తించరు, ఎల్ఎల్ఆర్‌ని అసలు లైసెన్స్‌గానే చూడరు. కార్డు మీద ఏ బండికి ఏ తేదీన ఇచ్చారో విడివిడిగా ఉంటుంది, కారు పక్కనున్న తేదీ మీరు ఇక్కడికొచ్చిన తేదీకి ముందుండాలి. టికెట్ ఒక రెండు వారాలు వాయిదా వేయడానికి వీలుంటే వేయండి, మీ ఆయనకి నేను చెప్పానని చెప్పండి, ఏమీ అనుకోరు.

నేను ఇక్కడే ఉంటా కాబట్టి పరీక్షల సంగతి కొంచెం చెప్తా. థియరీ కంప్యూటర్ మీద, 30 ప్రశ్నలు, ఇంగ్లీషులో రాయొచ్చు, తెలుగు హిందీ లేవు. తప్పుకి పాయింట్లు పడతాయి, 10 దాకా క్షమిస్తారు, కానీ 5 పాయింట్ల ప్రశ్నలు రెండు తప్పితే మొత్తం 10 అయినా ఫెయిలే. ఆ 5 పాయింట్ల ప్రశ్నల్లో ఎక్కువ ఎవరు ముందు వెళ్లాలి అన్నవే.

మనవాళ్లకి కొరుకుడుపడనిది కూడా అక్కడే. లైటు, బోర్డు ఏమీ లేని నాలుగు రోడ్ల కూడలిలో మీ కుడివైపు నుంచి వచ్చేవాడిదే హక్కు. మీది వెడల్పాటి రోడ్డు, వాడిది సందు అయినా సరే, వాడు సైకిల్ మీద వస్తున్నా సరే. ఇళ్ల మధ్య 30 స్పీడ్ జోన్లలో అడుగడుగునా ఇదే. ఉప్పల్ రింగ్ రోడ్డులో పెద్ద బండి ముందు దూరితే మనం ఆగుతాం గదా, ఆ కొలత ఇక్కడ లేదు. ప్రతి సందు దగ్గరా కాలు బ్రేక్ మీదికి వెళ్లాలి, తల కుడికి తిరగాలి, ఆ తిరగడం వెనకున్న ఎగ్జామినర్‌కి కనిపించాలి. కుడివైపు మలుపు తిప్పేముందు అద్దం చూస్తే చాలదు, భుజం మీదుగా వెనక్కి ఒక చూపు చూడాలి, అక్కడ సైకిల్ ఉంటుంది. నిజంగా ఉన్నా లేకపోయినా చూడాలి. నాకు నేర్పినాయన ప్రతి మలుపు ముందూ "షుల్టర్!" (భుజం) అని అరిచేవాడు, ఇప్పటికీ చెవిలో వినపడుతుంది.

హెడ్‌లైట్ కొట్టడం కూడా తిరగేసి అర్థం చేసుకోవాలి. మన దగ్గర ఎదుటివాడు లైటు కొట్టాడంటే నేను వస్తున్నా ఆగు అని. ఇక్కడ అలా కొడితే మామూలుగా నువ్వే పో అని. కొత్తలో ఇద్దరం ఆగిపోయి ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం. హారన్ అయితే ప్రమాదం ఉంటేనే.

ప్రాక్టికల్ 55 నిమిషాలు, అది జర్మన్‌లోనే. భయపడకండి, మీ ఏ1 చాలు. రెష్ట్స్ (కుడి), లింక్స్ (ఎడమ), గెరాడె ఆవుస్ (నేరుగా), తర్వాతి సందులో తిప్పు, కుదిరిన చోట పార్క్ చెయ్, ఇంతకు మించి మాట్లాడరు. మీ ఇన్‌స్ట్రక్టర్‌ని క్లాసుల్లో కూడా జర్మన్‌లోనే చెప్పమనండి, ఇంగ్లీషులో నేర్చుకుని పరీక్షలో జర్మన్ వింటే చేయి ఆగిపోతుంది. కుడివైపు నడపడం గురించి అందరూ తెగ బెంగపడతారు గానీ అది త్వరగానే అలవాటవుతుంది, ఖాళీ రోడ్డు మీద ఎడమ తిరిగేటప్పుడు మాత్రం కొన్నాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి.

ఆటోమేటిక్ తేలికని అందులో పరీక్ష ఇస్తే, మాన్యువల్ శిక్షణ విడిగా తీసుకుంటే తప్ప, ఆటోమేటిక్ కార్లకే లైసెన్స్ ఇస్తారు. అది ముందే ఆలోచించుకోండి.

ఉప్పల్_స్కూటీ:

చాలా థ్యాంక్స్ అన్నా, మీ అందరికీ. ఎల్ఎల్ఆర్ స్లాట్ ఇందాకే బుక్ చేశా, నాగోల్ అన్న చెప్పాక చూస్తే పేరు తేడా నిజంగానే ఉంది, ముందు ఆ పని పెట్టుకోవాలి. ఒక్క డౌట్. మార్చి ఇచ్చేటప్పుడు మన కార్డు వాళ్లు ఉంచేసుకుంటారని ఎక్కడో చదివా, నా స్కూటీ లైసెన్స్ కూడా అదే కార్డు మీద ఉంది కదా?

కొండాపూర్_రిటర్న్:

అవును, జర్మన్ కార్డు చేతికిచ్చేటప్పుడు మనది తీసేసుకుంటారు, స్కూటీ సగం చింపి ఇవ్వరు :) మీకు వచ్చేది కారు లైసెన్సే, టూవీలర్ కావాలంటే దాని పరీక్షలు అక్కడ వేరు. అందుకే వెళ్లేముందు కార్డు రెండువైపులా శుభ్రంగా స్కాన్ చేసి పెట్టుకోండి, డిజీలాకర్‌లోనో ఆర్టీఏ ఎం-వాలెట్‌లోనో ఎక్కించుకోండి. లైసెన్స్‌కి ఏ ఫోన్ నంబర్ ఇచ్చారో ఆ సిమ్‌ని రీచార్జ్ చేస్తూ బతికించుకోండి, అక్కడినుంచి ఏ పని చేయాలన్నా ఓటీపీ దానికే వస్తుంది.