ఘడియ అంటే సరిగ్గా 24 నిమిషాలేనా? నాక్షత్ర కాలంలోకి మార్చేటప్పుడు దిద్దుబాటు అవసరమా?

ప్రశ్న: విద్యార్థి, విజయనగరం

పెద్దలకు నమస్కారం. నేను పంచాంగ గణితం నేర్చుకుంటున్నాను. మా గురువుగారు ఘడియ అంటే 24 నిమిషాలు, విఘడియ అంటే 24 సెకన్లు అని చెప్పి, మధ్యాహ్నం 12 గంటల నాటి నాక్షత్ర కాలానికి (నక్షత్రాల కదలికతో కొలిచే కాలానికి) గడచిన కాలాన్ని ఉన్నది ఉన్నట్టుగా కలపమంటారు. ఖగోళశాస్త్రం చెప్పే మాస్టారు మాత్రం అలా కలిపితే లెక్క తప్పుతుందని, గంటకు 9.86 సెకన్ల చొప్పున అదనంగా చేర్చాలని అంటున్నారు. ఎవరి మాట ప్రకారం చేయమంటారు?

సమాధానం: పంచాంగ గణకులు, శ్రీకాకుళం

బాబూ, మీ గురువుగారు చెప్పినది తప్పు కాదు. పంచాంగంలో తిథి ఇన్ని ఘడియల వరకు ఉందని వేసినప్పుడు, ఆ ఘడియలు సూర్యోదయం మొదలుకొని లెక్కించినవి. ఒక ఉదయం నుంచి మరుసటి ఉదయం వరకు ఉండే సావన దినంలో అరవయ్యో వంతే ఘడియ. మా ఇంట్లో తాతగారి నాటి గడియకుడుక ఇప్పటికీ ఉంది. అడుగున సన్నని రంధ్రమున్న ఆ రాగి గిన్నెను నీళ్ల గంగాళంలో వదిలితే, లోపలి నీరు అంచు దాకా మెల్లగా ఎక్కి, ఒక్కసారిగా బుడుంగున మునిగిపోతుంది. పెళ్లిళ్లలో సుముహూర్తం దానితోనే చూసేవారు. గంటకు 9.86 సెకన్లంటే ఘడియకు దాదాపు నాలుగు సెకన్లు. అంత చిన్న తేడాను అది పట్టలేదు. పైగా మన శ్రీకాకుళం రేఖాంశం దాదాపు 83°54′ కాగా, గడియారాలు నడిచేది భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82°30′ మీద. ఆ 5 నిమిషాల 36 సెకన్లను సవరించడం మరచిపోయి, ఘడియకు నాలుగు సెకన్ల కోసం వాదించడం నాకు సమంజసంగా తోచడం లేదు.

సమాధానం: విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, శ్రీకాకుళం

పంతులుగారు చెప్పిన రేఖాంశ సవరణ ముందుగా చేయవలసిందే. అయితే అది ఒక్కసారి చేస్తే తీరిపోయే స్థిరమైన తేడా. నాక్షత్ర కాలపు తేడా గడచిన కాలంతో పాటు పెరుగుతూ పోతుంది. ఘడియ అనే ఒకే పేరుతో రెండు కొలతలను పిలవడం వల్లనే ఈ చిక్కంతా వస్తోంది. ప్రాచీన ఖగోళ గ్రంథమైన సూర్యసిద్ధాంతం 6 ప్రాణాలు ఒక వినాడి, 60 వినాడులు ఒక నాడి, 60 నాడులు ఒక నాక్షత్ర అహోరాత్రం అని చెప్పి, సూర్యోదయాలతో లెక్కించే సావన దినాన్ని వేరుగా ప్రస్తావిస్తుంది. నాడి అంటే ఘడియే, వినాడి అంటే విఘడియే. ఒక నక్షత్రం మధ్యాహ్న రేఖను (నడినెత్తి మీదుగా ఉత్తర దక్షిణాలను కలిపే ఊహాగీతను) దాటి మళ్లీ దాటడానికి మన గడియారం ప్రకారం 23 గంటల 56 నిమిషాల 4.09 సెకన్లు పడుతుంది కనుక, ఆ గ్రంథం చెప్పిన ఘడియ 23 నిమిషాల 56.07 సెకన్లు అవుతుంది.

మన పూర్వులు ఈ తేడాను పట్టించుకోలేదని దయచేసి అనుకోవద్దు. ఆర్యభటుడు ఒక మహాయుగంలో భూమి 1,58,22,37,500 సార్లు తిరుగుతుందని, సూర్య భగణాలు, అంటే నక్షత్రాల మధ్య సూర్యుడి చుట్లు, 43,20,000 అని చెప్పాడు. మొదటి దానిలోంచి రెండవది తీసివేస్తే సావన దినాల సంఖ్య వస్తుంది. దానిని భూభ్రమణాలతో భాగిస్తే నాక్షత్ర దినం 23 గంటల 56 నిమిషాల 4.1 సెకన్లుగా తేలుతుంది.

ఇక నాకెంతో ఇష్టమైన విషయం ప్రాణం. నాక్షత్ర దినంలో 21,600 ప్రాణాలున్నాయి, వృత్తంలో 21,600 కళలున్నాయి (కళ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు). అంటే ఒక్క ప్రాణంలో ఆకాశం ఒక్క కళ తిరుగుతుంది. సూర్యుడు సగటున రోజుకు 59.14 కళలు తూర్పుకు జరుగుతాడు కనుక, 60 సావన ఘడియలకు కలపవలసినది 59.14 ప్రాణాలు. సావన ఘడియకు ఇంచుమించు ఒక ప్రాణం కలిపితే నాక్షత్ర ఘడియలు వచ్చేసినట్టే! మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 10 వరకు 25 సావన ఘడియలు. దానికి 25 ప్రాణాలు, అంటే 4 విఘడియల 1 ప్రాణం కలపాలి. ప్రాణం నాలుగు సెకన్లు కనుక, సెకన్లలో అది 100. నిక్కమైన లెక్క 98.57. దిద్దకుండా వదిలేస్తే చంద్రబింబం వ్యాసంలో ముప్పాతికకు పైగా తప్పిపోతాం. తిరిగి గడియారపు కాలంలోకి మార్చేటప్పుడు మాత్రం నాక్షత్ర గంటకు 9.83 సెకన్లు తీసివేయాలి. అక్కడ కూడా 9.86 వాడే విద్యార్థులను చాలామందిని చూశాను.

పొలం కాపలాకు వెళ్లే మా పెదనాన్న పిల్లలకోడి (కృత్తికల నక్షత్ర గుంపు) ఎంత ఎత్తుకు వచ్చిందో చూసి జాము చెప్పేవారు. అది రోజుకు దాదాపు నాలుగు నిమిషాలు, నెలకు దాదాపు రెండు గంటలు ముందుకు వస్తుంది. నెల మారినప్పుడల్లా ఆయన ఆ లెక్కను మార్చుకునేవారు.

ప్రశ్న: విద్యార్థి, విజయనగరం

మాస్టారూ, విజయనగరానికి రేఖాంశ సవరణ 3 నిమిషాల 36 సెకన్లు చేసి, ఆ తరువాత ఘడియకు ఒక ప్రాణం చొప్పున కలిపి చూశాను. ఖగోళశాస్త్రం మాస్టారి లెక్కకూ దీనికీ ఒకటిన్నర సెకనుకు మించి తేడా రాలేదు. మరి పంచాంగంలోని తిథి ఘడియలకు కూడా ఇలాగే కలపాలా?

సమాధానం: పంచాంగ గణకులు, శ్రీకాకుళం

కలపవద్దు బాబూ. తిథి 25 ఘడియల వరకు ఉందంటే సూర్యోదయం నుంచి గడియారం ప్రకారం 10 గంటలు, అంతే. అధ్యాపకులవారి దిద్దుబాటు నాక్షత్ర కాలంతో లగ్నం కట్టేటప్పుడూ, నక్షత్రం మధ్యాహ్న రేఖకు వచ్చే వేళ చూసేటప్పుడూ చేయాలి. అక్కడ నేనూ ఒప్పుకుంటున్నాను. అయితే ఉదయం నుంచి ఉదయానికి ఉన్న కాలం ఏడాది పొడవునా సరిగ్గా 24 గంటలు ఉండదు, కొన్ని సెకన్లు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. కనుక మీ లెక్కల పుస్తకంలో ఘడియ అని రాసిన ప్రతి చోటా సావనమో నాక్షత్రమో పక్కనే రాసుకోండి.