అప్‌డేట్: ఇన్సులిన్ పెంచినా పిల్లి షుగర్ తగ్గట్లేదు – కారణం ఆక్రోమెగలీ

పూటకు 9 యూనిట్లు వేస్తున్నా షుగర్ 400 దిగట్లేదని, పైగా బరువు పెరుగుతోందని అడిగాను కదా, కారణం తెలిసింది: ఆక్రోమెగలీ, అంటే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ వల్ల గ్రోత్ హార్మోన్ ఎక్కువై, ఇన్సులిన్‌ను సరిగ్గా పనిచేయనివ్వని జబ్బు. ఐజీఎఫ్-1 (గ్రోత్ హార్మోన్ ఎక్కువైతే రక్తంలో పెరిగే హార్మోన్) పరీక్ష చేయించమన్నవారికి చాలా థాంక్స్. అది మిల్లీలీటరుకు 1000 నానోగ్రాములు దాటితే ఈ జబ్బును గట్టిగా అనుమానించాలి. మాకు 1600 వచ్చింది. ఎమ్మారైలో పిట్యూటరీ గ్రంథిలో గడ్డ కనిపించింది.

షుగర్ అదుపు తప్పిన పిల్లి మామూలుగా చిక్కిపోతుంది. బరువు పెరగడమే అసలు గుర్తు. పాత ఫోటో పక్కన పెట్టి చూస్తే కింది దవడ ముందుకొచ్చింది, పళ్ల మధ్య సందులు, వెడల్పైన పాదాలు. గురక కూడా అందుకేనట.

ఇన్సులిన్ సీసా పాడవడం, సూది సరిగ్గా పడకపోవడం, మూత్రంలో ఇన్ఫెక్షన్ – ఇవేవీ మా పిల్లి విషయంలో కారణం కాదు.

కొత్తగా ఇన్సులిన్ మొదలైతే 6–8 వారాలాగి ఈ పరీక్ష చేయించండి. ముందే చేస్తే తక్కువ చూపొచ్చు. ఇప్పుడు కాబర్గోలిన్ (గ్రోత్ హార్మోన్‌ను తగ్గించడానికి వాడే మందు) ఇస్తున్నాం. అది పనిచేస్తే ఇన్సులిన్ ఎక్కువై షుగర్ మరీ తక్కువకు పడిపోవచ్చు, అందుకే ఇంట్లో రోజూ చూస్తున్నాం.