ప్లాటినం అద్దిన టైటానియా నానోట్యూబులు: హైడ్రోజన్ నీళ్లదా, మిథనాల్‌దా?

పాతబీకరు: ప్లాటినం అద్దిన టైటానియా (టైటానియం డయాక్సైడ్) సన్నగొట్టాల మీద వెలుతురు వేసి హైడ్రోజన్ తీసే పేపర్లకు "నీటి నుంచి సౌర హైడ్రోజన్" అని టైటిల్ పెడతారు. తీరా లోపల చూస్తే నీళ్లలో మిథనాల్. వెలుతురు తగిలి ఎలక్ట్రాన్ లేచాక మిగిలే ఖాళీలు (హోల్స్) నీటి నుంచి ఆక్సిజన్ తీయాలి; వాటిని మిథనాలే మింగేస్తుంది, ఆక్సిజన్ బయటికే రాదు. మరి విడిపోయింది నీరెలా అవుతుంది?

గొట్టంవాది: పాతబీకరు గారూ, ప్లాటినం ఎలక్ట్రాన్లను ఎంత బాగా లాగుతుందో విడిగా కొలవాలంటే హోల్స్‌కి ఏదో ఒక దారి చూపాలి కదా. అందుకే మిథనాల్. ట్యూబు గొప్పతనం వేరు: వెలుతురు దాని పొడవునా దిగుతుంది, హోల్ మాత్రం పల్చటి గోడ దాటితే చాలు.

నీలిరంగు: అనటేజ్ (టైటానియా స్ఫటిక రూపం) గ్యాప్, అంటే ఎలక్ట్రాన్ లేవడానికి కావలసిన కనీస శక్తి, 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే ఎండలో 5 శాతం కూడా పనికిరాదు. ముందు దాని సంగతి చూడండి.

గొట్టంవాది: బంగారం అద్దితే 550 నానోమీటర్ల (ఆకుపచ్చ వెలుతురు) దగ్గర కూడా కొంత స్పందిస్తుంది.

నీలిరంగు: "కొంత".

పాతబీకరు: గ్యాప్ గొడవ తర్వాత. మిథనాల్ పూర్తిగా కార్బన్ డయాక్సైడ్ అయితే వచ్చే మూడు హైడ్రోజన్ అణువుల్లో రెండింటి లెక్క మిథనాల్‌దే. ఫార్మాల్డిహైడ్ దగ్గర ఆగితే మొత్తం దానిదే. 1972లో ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్ ఎలక్ట్రోడ్ మీద ఆక్సిజన్ రప్పించారు. మనకేమైంది?

గొట్టంవాది: పదేపదే మిథనాలేనా? మీకేం అన్యాయం చేసిందండీ అది?

పాతబీకరు: చేసింది. ఆరు నెలలు వట్టి నీళ్లతో కూర్చున్నాను. వాయువుల్ని కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో హైడ్రోజన్ పీకే (గీత పైకి లేవడమే) లేదు. "కాస్త మిథనాల్ పొయ్యి" అన్నారు గైడు. పోశాను, పీకు లేచింది. థీసిస్ టైటిల్లో "నీరు" అలాగే ఉండిపోయింది. డిగ్రీ వచ్చింది, ఆ అట్ట చూస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

గొట్టంవాది: అది మీ టైటిల్ తప్పు. దానికి ట్యూబులనెందుకు తిడతారు? వట్టి నీళ్లతోనే చెయ్యాలంటే సగం థీసిస్‌లు ఉండవు.

పాతబీకరు: ఉండకపోతే ఏం?

గొట్టంవాది: అదిగో, ఇప్పుడు బయటపడ్డారు! దిగుబడి లేని పనే వద్దంటారు. జపాన్ వాళ్లు స్ట్రాన్షియం టైటనేట్ అనే మరో కాంతి ఉత్ప్రేరకంతో 100 చదరపు మీటర్ల ప్యానెల్ పెట్టి, ఆ ఫలితాలు 2021లో అచ్చేశారు. ఎండ శక్తిని హైడ్రోజన్‌గా మార్చే సామర్థ్యం గరిష్ఠంగా 0.76 శాతం. అదీ ఆపేయాలా?

పాతబీకరు: వాళ్లు నీటినే విడగొట్టారు, అంకె చిన్నదైనా దాచలేదు. నేనడిగేది అంతే. మిథనాల్ పోస్తే మిథనాల్ అని రాయండి.

గొట్టంవాది: మెథడ్స్‌లో రాస్తూనే ఉన్నాం.

పాతబీకరు: టైటిల్లో రాయండి.

నీలిరంగు: సరే, "సౌర" అన్నారుగా. గొట్టంవాది గారూ, మీ ట్యూబులు ఎండలోనే పెట్టారా?

గొట్టంవాది: జీనాన్ ల్యాంపు కింద.