తుప్పు పట్టిన మోటారు నట్లు: ఏ పనిముట్టు కొనాలి?

మాది విశాఖలో సముద్రానికి దగ్గరి ఇల్లు. ఉప్పుగాలికి ఇనుము ఏదీ నిలవదు. సంపు దగ్గరి మోటారు మార్చాలి, కానీ 12 ఎంఎం ఫౌండేషన్ బోల్టుల నట్లు బిగుసుకుపోయాయి. రెండు రాత్రులు తుప్పు వదిలించే డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టి వదిలేశాను. 19 నంబరు రింగు పానాకు పైపు తొడిగి లాగితే రెండు ఊడాయి. మూడోదానికి ఓపెన్ పానా వేశాను, తప్పు నాదే, మూలలన్నీ అరిగిపోయాయి. నాలుగోదాన్ని ముట్టుకోవాలంటేనే భయంగా ఉంది.

ఇప్పుడు ఆరు మూలల సాకెట్ కొననా, నట్టును చీల్చి తీసే నట్ స్ప్లిటర్ కొననా? వేడి చేద్దామంటే పక్కనే పీవీసీ పైపు, వైర్లు ఉన్నాయి. గ్రైండరుతో కోస్తే కాంక్రీటులోని బోల్టు పొట్టిదైపోతుంది, కొత్త మోటారుకు పనికిరాదేమో. ఇంట్లో నీళ్లు బకెట్లతో మోస్తున్నాం, తెలిసినవాళ్లు కాస్త త్వరగా చెప్పండి.