అపరిచిత పద్యం: భావం రాస్తున్నారు, విశ్లేషణ దగ్గర ఆగిపోతున్నారు

తొమ్మిది, పది తరగతులకు తెలుగు చెప్పేవారిని అడుగుతున్నాను: అపరిచిత పద్యాన్ని, అంటే పాఠాల్లో లేని పద్యాన్ని, పిల్లల చేత ఎలా విశ్లేషింపజేస్తున్నారు? పద్యమైతే భావం వరకు ఈ క్రమం పనిచేస్తోంది: అర్థాలివ్వకుండా 2 సార్లు పైకి చదివించడం, సమాపక క్రియ (వాక్యాన్ని ముగించే క్రియ) కింద గీత గీయించడం, "ఎవరు? దేన్ని?" అని అడుగుతూ అన్వయక్రమం (పద్యంలోని మాటలను వచన వాక్యంలా వరుసగా) రాయించడం. ఉత్పలమాల, చంపకమాలల్లో మాత్రం పాదం చివర ఆగిపోతారు. పదమేమో తర్వాతి పాదంలోకి సాగుతుంది. అందుకే ముందుగా సంధులు విడదీయించి, మాటల మధ్య నిలువు గీతలు పెట్టించాలి.

అసలు చిక్కు ఆ తర్వాతే. "వలె" కనిపిస్తే చాలు, ఉపమాలంకారం అని రాసేస్తారు. "ముత్యం వలె మంచుబిందువు" అన్నచోట ఉపమేయం (పోల్చబడేది, మంచుబిందువు), ఉపమానం (దేనితో పోల్చారో అది, ముత్యం) చూపిస్తారు. సమానధర్మం, అంటే రెండింటికీ ఉమ్మడి గుణం, మెరుపా, గుండ్రదనమా? ముత్యం నిలిచేది, మంచు ఎండకు ఆరిపోయేది కదా, మరి కవి ముత్యమే ఎందుకన్నాడు? ఇక్కడ కలం ఆగిపోతుంది. కవిత్వమంతా అక్కడే ఉంది! "ముత్యం" తీసి "గాజుపూస" పెట్టి చదవమంటే కొందరు కదులుతారు.

వచన కవితలో ఈ క్రమం సాగదు, చాలా పంక్తుల్లో క్రియే ఉండదు. అక్కడ మీరు అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? 45 నిమిషాల పీరియడ్‌కు ఎన్ని పంక్తులు ఇస్తున్నారు? పిల్లలు రాసిన జవాబు ఒకటి జతచేసి చెప్పండి, దయచేసి.