పడమటి వరండా జాలీ: ఎట్రాక్టర్ పాయింట్ ఎక్కడ పెట్టాలి?

కొర్లగుంట, తిరుపతి:

అందరికీ నమస్కారం. మా ఇంటి పడమటి వరండాకి రంధ్రాల రేకు జాలీ చేయిద్దామని గ్రాస్‌హాపర్‌లో (రైనో డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో లెక్కలతో ఆకారాలు గీసే టూల్) కూర్చున్నాను. వారం అయింది, తెగట్లేదు.

అమ్మ రోజూ మధ్యాహ్నం మూడింటి నుంచి ఐదింటి దాకా ఆ వరండాలోనే కుర్చీ వేసుకుని పూలు కడుతుంది. మే నెల ఎండ నేరుగా ఒళ్ళో బుట్ట మీద పడి, మల్లెలు కట్టేలోపే వాడిపోతున్నాయి. మొత్తం మూసేస్తే గాలి ఆడదు. అందుకే ఆమె కూర్చునేచోట చిన్న రంధ్రాలు, దూరం పోయేకొద్దీ పెద్దవి ఉండాలని నా ఆలోచన.

జాలీ పొడవు 3600 మి.మీ., ఎత్తు 2400, అడ్డంగా కొంచెం వంపు. ఉపరితలాన్ని సమానంగా పంచి పాయింట్లు ఇచ్చే డివైడ్ సర్ఫేస్‌లో 24, 16 ఇచ్చాను. కుర్చీకి ఎదురుగా జాలీ మీద ఒక ఎట్రాక్టర్ పాయింట్ (దేని నుంచి ఉన్న దూరాన్ని బట్టి రంధ్రాల సైజు మారుతుందో అది) పెట్టి, అక్కడి నుంచి ప్రతి రంధ్రానికి దూరం తీసి, 50 తో భాగించి వ్యాసార్థంగా ఇచ్చాను. దగ్గరివి చుక్కలై మాయమయ్యాయి. అంచుల్లో ఉన్నవి సగానికి తెగిపోయాయి. తర్వాత పాయింట్ తీసేసి, దాని బదులు ఎట్రాక్టర్లుగా మూడు గీతలు గీసి చూశాను. మూడో గీతనే పట్టించుకుంటోంది, మిగతా రెండూ ఉన్నా లేనట్టే. తప్పు ఎక్కడో చెప్పండి.

రేణిగుంట రోడ్డు:

తమ్ముడూ, మూడూ వేరువేరు తప్పులు.

50 అనేది ఊహించి వేసిన లెక్క. దూరాన్ని ఎప్పుడూ నేరుగా వాడొద్దు, రీమ్యాప్ నంబర్స్‌లో వేసి నీకు కావలసిన హద్దుల్లోకి తెచ్చుకో. నీ గడి 150 మి.మీ. కాబట్టి వ్యాసార్థం 15 నుంచి 60 పెట్టు. రెండు పెద్ద రంధ్రాలు పక్కపక్కన పడినా మధ్యలో 30 మి.మీ. రేకు మిగులుతుంది.

ఇక్కడ చాలామంది సోర్స్ డొమైన్‌కి (లోపలికి వచ్చే దూరాల హద్దులకి) బౌండ్స్ (ఉన్న దూరాల్లో అతి చిన్నది, అతి పెద్దది) తగిలిస్తారు. నాకది నచ్చదు. పాయింట్ జరిపిన ప్రతిసారీ బౌండ్స్ మారి, దానితో మొత్తం జాలీ మారిపోతుంది. దానికి బదులు 0 నుంచి 1200 అని నువ్వే ఇచ్చి, క్లిప్డ్ అవుట్‌పుట్ (హద్దు దాటనివ్వనిది) తీసుకో. అప్పుడు ఎట్రాక్టర్ ప్రభావం 1200 మి.మీ. దగ్గర ఆగిపోతుంది, దాటినవన్నీ 60 గానే ఉంటాయి.

అంచుల సంగతి: డివైడ్ సర్ఫేస్ 24, 16 ఇస్తే 384 కాదు, 25 ఇంటూ 17, అంటే 425 పాయింట్లు వస్తాయి. బయటి వరసలు సరిగ్గా అంచు మీదే పడతాయి. సర్ఫేస్‌ని డివైడ్ డొమైన్ స్క్వేర్‌తో పంచి ఐసోట్రిమ్‌లో వేసి ముక్కలు చేసి, ప్రతి ముక్కకీ ఏరియాతో మధ్య పాయింట్ తీసుకో.

గీతల సంగతి: అటు 425 పాయింట్లు, ఇటు 3 గీతలు. మొదటి పాయింట్ మొదటి గీతతో, రెండోది రెండో దానితో జత కడతాయి. అక్కడి నుంచి మిగతావన్నీ చివరి గీతకే పోతాయి. పుల్ పాయింట్ వాడు. మూడింటిలో ఏది దగ్గరో చూసి, ఆ దూరమే ఇస్తుంది.

చిత్తూరు ఫ్యాబ్రికేషన్:

రేకు పని మాది కాబట్టి ఒక మాట. మామూలుగా దొరికే షీటు 2500 ఇంటూ 1250. నీ జాలీకి 1200 వెడల్పున మూడు షీట్లు పడతాయి, ఒక్కోదానిలో 8 వరసలు. అతుకు గడికీ గడికీ మధ్యనే వస్తుంది, అది బాగుంది. లేజర్ కటింగ్ అయ్యాకే రేకుని వంచుతాం కదా, పెద్ద రంధ్రాలన్నీ ఒకేచోట ఉంటే రోలర్‌లో రేకు అక్కడే మడత పడుతుంది. 60 ని 50 చెయ్యి, నా మాట విను. వంపులో తేడా కంటికి తెలిసిపోతుంది.

కొర్లగుంట, తిరుపతి:

పుల్ పాయింట్‌తో గీతల సమస్య పోయింది అన్నా, చాలా థాంక్స్. అంచులూ సర్దుకున్నాయి. వ్యాసార్థం 50 చేశాను. కానీ పాయింట్ ఇంకా కుర్చీకి ఎదురుగానే ఉంది. అది సరైన చోటేనా?

కపిలతీర్థం రోడ్డు:

కాదండీ. నాకు అసలు ప్రశ్న ఇదే అనిపిస్తోంది. ఎండ అడ్డంగా రాదు, పైనుంచి ఏటవాలుగా వస్తుంది. బుట్ట మీద పడే కిరణం జాలీని బుట్టకి ఎదురుగా దాటదు, ఇంకా పైన దాటుతుంది. తిరుపతిలో మే నడుమ నాలుగింటికి సూర్యుడు దాదాపు 35 డిగ్రీల ఎత్తులో, నేరు పడమరకి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. ఒళ్ళో బుట్ట నేలకి 600 మి.మీ. ఎత్తున, జాలీకి 1200 దూరంలో ఉందనుకుంటే, మూడింటి కిరణం జాలీని నేల నుంచి 2000 దగ్గర దాటుతుంది. నాలుగింటిది 1450, ఐదింటిది 1050 దగ్గర. అన్నీ లోపలి నుంచి చూస్తే కుడివైపుకి ఓ 300 జరిగి ఉంటాయి.

కాబట్టి గీత మీరు గీయక్కర్లేదు, సూర్యుడే గీస్తాడు. లేడీబగ్‌లో (గ్రాస్‌హాపర్‌లో ఎండ లెక్కలు కట్టే ప్లగిన్) అక్షాంశం 13.6, రేఖాంశం 79.4, టైమ్ జోన్ 5.5 ఇచ్చి, మూడు నుంచి ఐదు దాకా పావుగంటకొక సన్ వెక్టర్ (ఎండ వచ్చే దిశ) తీసుకోండి. దాన్ని తిప్పి, బుట్ట పాయింట్ నుంచి ప్రాజెక్ట్ పాయింట్‌తో జాలీ మీదికి పంపండి. తగిలిన చోట్లన్నీ ఇంటర్‌పొలేట్‌తో ఒకే గీతగా కలిపితే అదే మీ ఎట్రాక్టర్ కర్వ్. మార్చికీ ఏప్రిల్‌కీ కూడా ఒక్కో గీత తీసి, మూడూ పుల్ పాయింట్‌కి ఇచ్చేయండి.

కొర్లగుంట, తిరుపతి:

ఇప్పుడే చేసి చూశాను. మే గీత కుడివైపు పైనుంచి ఏటవాలుగా దిగింది. మార్చి గీత ఎడమవైపుకి జరిగింది. చిన్న రంధ్రాలు నేను పెట్టుకున్న చోటికి చాలా పైన, ఓ పట్టీలా వచ్చాయి. కిందంతా పెద్దవే, గాలి బాగా వస్తుంది. మీరు చెప్పకపోతే ఆ కింది భాగాన్ని మూసేసేవాడిని.

షీట్లకి ఆర్డరు ఇచ్చేముందు ఆ పట్టీ వరకు నిజం సైజులో అట్టముక్క కోసి, రేపు మూడింటికి వరండాలో తాడుకి కట్టి చూస్తాను. అమ్మని మామూలు చోటే కూర్చోమన్నాను. నీడ బుట్ట మీద ఎంతసేపు నిలుస్తుందో చూసి ఇక్కడే రాస్తాను.